మంఖాల్ ప్లాట్లలో పాలకూర

నేను కాకినాడ వాణ్ణి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, శంషాబాద్ ఆఫీసులో చాలాకాలం నా పేరు అదే. "కాకినాడ సారు" అనేవాళ్ళు. హరిప్రసాద్ అనే అసలు పేరు జీతాల రిజిస్టరుకూ, మా ప్రేమలత మేడానికీ తప్ప ఎవరికీ పట్టలేదు.

2009 జూన్‌లో చేరాను. పేదరికం తగ్గించడానికని డెన్మార్క్‌లో పుట్టిన సంస్థ మాది. దాని ప్రాంతీయ కార్యాలయం శంషాబాద్ బస్టాండు వెనక, పిండిగిర్ని మీది అంతస్తులో ఉండేది. గిర్ని ఆడినంతసేపూ బల్లలు వణికేవి, కంప్యూటర్ మీద సన్నగా పిండి పేరుకునేది. ఇంగ్లీషులో నివేదికలు రాయడం నా పని. మిగతాదంతా ప్రేమలత పని.

అంతర్జాతీయ సంస్థకు ప్రాంతీయ అధిపతి అంటే నేను ఏదో ఊహించుకుని వెళ్ళాను. తీరా చూస్తే ఆవిడ నేల మీద చతికిలబడి, మందు కొట్టే స్ప్రేయర్ విప్పి వాషరు బిగిస్తోంది. నా దరఖాస్తు కాగితం అందుకున్న చేతి గ్రీజు ఇప్పటికీ నా ఫైల్లో మరకగా ఉంది. "ఇంగ్లీష్ మంచిగ రాస్తరా? నాకు అదొక్కటే రాదు. రేపటిసంది రండి," అంది. ఇంటర్వ్యూ అంతే. నేను రెండు రాత్రులు కూర్చుని బట్టీ పట్టిన జవాబులన్నీ వృథా అయ్యాయి.

ఆవిడది తుక్కుగూడ. తండ్రి ఐలయ్య జొన్నా కందీ వేసుకునే చిన్న రైతు. ఆడపిల్లని బస్సెక్కించి సిటీకి డిగ్రీకి పంపిస్తే నలుగురూ నవ్వారట. ఐలయ్య చెవిలో వేసుకోలేదు. చదువయ్యాక బాలవాడి టీచరుగా చేసి, ఈ సంస్థలో గ్రామ కార్యకర్తగా చేరి, తొమ్మిదేళ్ళు మోపెడ్ మీద మహేశ్వరం మండలమంతా తిరిగింది. భర్త మధు ఆర్టీసీలో మెకానిక్, ఇద్దరు ఆడపిల్లలు. 2008లో విమానాశ్రయం తెరిచిన ఏడాదే అప్పటి అధిపతి ఢిల్లీకి బదిలీ చేయించుకుని వెళ్ళిపోతే, ఊళ్ళ దారులు తెలిసిన మనిషి మరొకరు లేక ఈవిడను కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చున్నది తక్కువనుకోండి.

డెన్మార్క్‌తో ఫోన్లో ఆవిడ మాట్లాడే ఇంగ్లీషులో నిన్నా లేదు, రేపూ లేదు. అంతా ఇవాళే. అయినా నేను వ్యాకరణం సరిచూసుకుని చెప్పే మాటకంటే ఆవిడ మాటే వాళ్ళకు తొందరగా అర్థమయ్యేది. మొదట్లో నాకు అది కడుపుమంటగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గులేదు.

ఆవిడకు కోపం ఎక్కువ. మనుషుల మీద కాదు, ఫారాల మీద. పెద్దాఫీసు పంపిన సర్వే ఫారంలో "స్లాబు ఇల్లు ఉన్నదా?" అని ఒక గడి ఉండేది. ఉంటే ఆ కుటుంబం పేదది కాదు. ఆ గడి చూసినప్పుడల్లా ఆవిడ పెన్ను విసిరికొట్టేది. ఎందుకో మంఖాల్ చూస్తే తెలుస్తుంది.

విమానాశ్రయం వస్తోందన్న కబురుకే శ్రీశైలం రోడ్డు వెంట భూముల బేరాలు మొదలయ్యాయి. మంఖాల్‌లో చిన్న రైతులు చాలామంది అమ్ముకున్నారు. వచ్చిన డబ్బుతో స్లాబు ఇల్లు కట్టారు, దవాఖానకు పెట్టారు, పెళ్ళి చేశారు. రెండేళ్ళు తిరిగేసరికి ఇల్లు మిగిలింది, తిండిగింజలు పండించే నేల పోయింది. పొద్దున్నే స్లాబు ఇంటికి తాళం వేసుకుని ఆడవాళ్ళు తుక్కుగూడ చౌరస్తాలో కూలీల అడ్డా మీద నిలబడేవాళ్ళు. ఎవరో మేస్త్రీ వచ్చి చెయ్యి చూపిస్తే ఆ రోజుకు పని. లేకపోతే నడుచుకుంటూ వెనక్కి. ఇటు వాళ్ళు అమ్మిన భూములేమో ప్లాట్లయి, తెల్లసున్నం వేసిన రాళ్ళు పాతుకుని, ఇళ్ళు కట్టేవాడు లేక తుమ్మలు మొలిచి పడి ఉండేవి.

ఆ పడావు ప్లాట్లు అడుగుదామన్నది ప్రేమలత ఆలోచన. ఇళ్ళు కట్టేదాకా ఆకుకూరలు పండించుకుంటామని, ఆరెకరాల వెంచరు ఒకటి చూసి, ప్లాట్ల ఓనర్ల సంఘం సెక్రటరీ రామచంద్రయ్య చుట్టూ తిరిగింది. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు. ప్రపంచంలో ప్రతివాడూ తన ప్లాటు కబ్జా చేయడానికే పుట్టాడని ఆయన గట్టి నమ్మకం. పన్నెండోసారి వెళ్ళినప్పుడు మెత్తబడ్డాడు. కానీ మెలిక పెట్టాడు. "ఆ ఆడోళ్ళెవరో నాకు ఎరికలే. కౌలు కాగితం మీ సంస్థ పేరు మీదనే ఉండాలె. మీరు పోయిన్నాడు భూమి ఖాళీ కావాలె." ఒప్పుకోక తప్పలేదు.

అలా 2009 చివరికల్లా ముప్పైముగ్గురు ఆడవాళ్ళు అడ్డా మానేసి తోటలోకి వచ్చారు. సంస్థ బోరు వేయించింది. తెల్లరాళ్ళ మధ్య పాలకూర, తోటకూర, కొత్తిమీర, మెంతి. వాళ్ళ పెద్ద సక్కుబాయి. యాభై ఏళ్ళ మనిషి, భర్త కుర్మయ్య పోయి మూడేళ్ళయింది. మాట పడదు, ఊరికే మాట అనదు. ప్రేమలతను "చెల్లె" అనేది.

2010 డిసెంబరులో పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అంతర్జాతీయ విమానాశ్రయం, ఎనిమిది వరసల రోడ్డు వచ్చిన ప్రాంతంలో ఇంకా మన అవసరం ఉందా అని అనుమానం వచ్చిందట వాళ్ళకు. కరిన్ అనే పెద్దావిడ ఫిబ్రవరిలో వచ్చి చూసి వెళుతుంది. ఆవిడ ఊ అంటే కొనసాగుతుంది. కాదంటే జూన్‌లో ఆఫీసు మూత. ఆఫీసు మూత పడిందంటే కౌలు కాగితం చెల్లదు. ముప్పైముగ్గురూ మళ్ళీ అడ్డా మీదికే.

నా గుండెలో రాయి పడింది. దాంతోపాటు బుర్రలో ఒక ఉపాయం కూడా పుట్టింది.

"మేడం, ఆ రోజు ఆడవాళ్ళను మామూలు చీరల్లో రమ్మందాం. కాస్త పాతవైతే మరీ మంచిది. ఆవిణ్ణి స్లాబు ఇళ్ళ వైపు కాకుండా వెనక గుడిసెల మీదుగా తీసుకెళదాం," అన్నాను.

ఆవిడ ఫైల్లోంచి తలెత్తింది. "మీ ఇంటికి చుట్టమొస్తే మీ అమ్మ ఏం చీర కట్టుకుంటది?"

"ఉన్నవాటిలో మంచిదే కట్టుకుంటుంది."

"ఫోన్ చేసి చినిగింది కట్టుకొమ్మని చెప్పుర్రి. చెప్పినంక నా దగ్గరికి రండి."

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. కరిన్ రావడానికి రెండు రోజుల ముందు ఏవో సంతకాల కోసం మంఖాల్ వెళ్ళి, సక్కుబాయిని పక్కకు పిలిచాను. "ఎల్లుండి మరీ ముస్తాబు కాకండమ్మా. చూసి, వీళ్ళకేం లోటులేదు అనుకుంటే మనకే కష్టం," అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "గట్లనా సారూ. మంచిది," అంది. అర్థమైందని సంబరపడ్డాను. నిజంగానే అర్థమైంది, నేననుకున్నట్టు కాదు.

ఆ రోజు కరిన్ దిగింది. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగి నడుస్తుంది. చేతిలో చిన్న నోటుపుస్తకం. మెరిసే విమానాశ్రయం చూసింది, నున్నటి రోడ్డు చూసింది. రెండూ రాసుకుంది. మా జీపు నడిపే బద్రుద్దీన్ ఆరోజు కొత్త సీటు కవర్లు కూడా వేయించాడు. వాణ్ణి ఏమనాలో నాకు తోచలేదు.

మంఖాల్ చేరాం. సక్కుబాయి ఇంటి ముందు షామియానా. టెంటుహౌసు కుర్చీలు, వాటికి తెల్ల గౌన్లు. ముప్పైముగ్గురూ పట్టుచీరల్లో వరసగా నిలబడ్డారు. సక్కుబాయి మెడలో నాలుగు వరసల గుండ్ల హారం, చెవులకు జుంకాలు, చేతుల నిండా బంగారు గాజులు. పెళ్ళికూతురి తల్లి కూడా అంత నిండుగా ఉండదు. లోపల బగారన్నం, నాటుకోడి కూర, పెరుగు చట్నీ. కరిన్ వద్దంటున్నకొద్దీ సక్కుబాయి వడ్డించింది. నన్ను చూసి, "సారుకు ఇంకో ముక్క ఎయ్యుర్రే," అంది.

కరిన్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒకటే జవాబు. పని ఎలా ఉంది? మంచిగున్నది. ఇల్లు ఎలా గడుస్తోంది? మంచిగనే గడుస్తున్నది. కష్టాలేమైనా? ఏం లెవ్వు, అంత మంచిగున్నం. అన్నానికి పిలిచిన చుట్టం ముందు ఇంట్లో లేనివి ఏకరువు పెట్టే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. ప్రేమలత ఆ జవాబులను ఒక్క మాట కలపకుండా ఇంగ్లీషులో చెప్పింది. నేను చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

తిరుగు దారిలో జీపులో కరిన్ నోటుపుస్తకం మూసింది. "వీళ్ళు బాగానే ఉన్నారు. చాలా సంతోషం. ఇక వీళ్ళకు మనం ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఒక్క మాట చాలు. ఆ నగలు ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చుకున్నవి. అంతే. నేను నోరు తెరిచాను.

"హరిప్రసాద్ గారూ, ఆ కిటికీ జర మూయండి," అంది ప్రేమలత.

కిటికీ మూసే ఉంది. నేను నోరు మూశాను. ఆవిడ కరిన్ వైపు తిరిగి, ఇవాళ మీరు వాళ్ళ ఇంటికి చుట్టంగా వెళ్ళారు, వాళ్ళ పని ఇంకా చూడలేదు, రేపు మీ విమానం పదకొండింటికి కదా, పొద్దున ఐదింటికి తోటకు వస్తారా అని అడిగింది. కరిన్ సరేనంది.

ఆవిణ్ణి హోటల్ దగ్గర దింపాక నేను ఉండబట్టలేకపోయాను. "ఒక్క మాట చెప్పనిస్తే ఆఫీసు నిలిచేది కదండీ!"

"ఆఫీసు పోతే పోనీయండి," అంది. "ఇజ్జత్ కోసం ఇంటింటికి పోయి అడుక్కొచ్చి పెట్టుకున్నరు ఆ సొమ్ములు. నేను జీపుల కూసొని బయటపెట్టాల్నా? రేపు సక్కక్క మొఖం ఎట్ల చూడాలె నేను?"

అంతలో ముందు సీట్లోంచి బద్రుద్దీన్, "మొన్న సారు ఆమెకు చెప్పిండు మేడం, తయారు గావొద్దని. నేను విన్న," అన్నాడు. వాణ్ణి అక్కడే దింపేసి జీపుతో తొక్కించాలనిపించింది.

ప్రేమలత అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఆమె ఎంత చిన్నబోయిందో," అని మాత్రం అంది. తరవాత ముఖం అటు తిప్పుకుంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఆరెకరాల కోసం పన్నెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్ తిరిగిన మనిషి ఆవిడ. నాకు తలకొట్టేసినట్టయింది.

పొద్దున ఐదింటికి మంచు పడుతోంది. తోటలో ఆడవాళ్ళంతా చీరల మీద మగవాళ్ళ పాత ఫుల్ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని, బురదలో కాళ్ళతో పాలకూర కోస్తున్నారు. ఆటో ఆరున్నరకు వస్తుంది, అప్పటికి కట్టలన్నీ సిద్ధం కావాలి. ఎవరికీ తల తిప్పే తీరిక లేదు. కరిన్ కాసేపు వెతికి, "నిన్న మనకు భోజనం పెట్టినావిడ రాలేదా?" అని అడిగింది. ఆవిడ పక్కనే ఉన్న మనిషి తలెత్తి నవ్వింది. సక్కుబాయే. మెడ బోసి. చెవులు బోడి. కుర్మయ్యదే కాబోలు, మోచేతుల దగ్గర అతుకు వేసిన నీలం చొక్కా.

కరిన్ చెప్పులు విప్పి పక్కన కూర్చుంది. సక్కుబాయి ఆవిడ చేతికి జనపనార పోగులిచ్చి కట్ట ఎలా కట్టాలో చూపించింది. మొదటి కట్టలు విడిపోయాయి. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఇరవయ్యో కట్టకు చెయ్యి తిరిగింది.

అప్పుడు కరిన్ అడిగింది, నిన్నటి బంగారం ఎవరిదని. ప్రేమలత ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు తెలుగులో అడిగింది.

సక్కుబాయి కోస్తున్న చెయ్యి ఆపలేదు. "గుండ్లు రేణుకమ్మ కోడలియి. జుంకాలు రుక్కమ్మయి. గాజులు ఈడ ముగ్గురియి కలిపి ఏసుకున్న. రాత్రే ఎవలియి వాళ్ళకు ఇచ్చేసిన."

"మరి నిన్న చెప్పలేదేం?" అని అడిగించింది కరిన్.

"నిన్న నువ్వు చుట్టానివి. చుట్టం ముంగట ఏడ్చుకుంట కూసుంటమా? ఇయ్యాల మాతోని పనిల కూసున్నవు. ఇగ నీ దగ్గర దాసుడేంది?"

ప్రేమలత అదంతా ఇంగ్లీషులోకి మార్చింది. కరిన్ ఆవిడకేసి చూసి, "నీకు తెలుసు. నాకు చెప్పలేదు," అంది. "ఆమె సంగతి ఆమే చెప్పాలి," అంది ప్రేమలత, తన కాలాల్లేని ఇంగ్లీషులో.

కాసేపటికి కరిన్ నడుం నొప్పి పుట్టి పక్కనున్న ప్లాటు రాయి మీద కూర్చుంది. రాయి మీద 41 అని రాసి ఉంది. అదేమిటని అడిగింది.

"ప్లాట్ నంబర్," అంది సక్కుబాయి. "ఈడికెల్లి అరవై దాక మా చెలకనే ఉండె. కందులేసేటోళ్ళం. ఆయనకు కిడ్నీ ఖరాబయితే అమ్మినం. ఆయనా దక్కలే, చెలకా దక్కలే. ఇప్పుడు నా భూమిలనే కూలి లెక్క చేస్తున్న. కాగితం మీ ఆఫీసు పేరు మీదున్నది. మీరు పోయిన్నాడు నన్ను గేటు అవుతల నిలవెడ్తరు."

నాకు ఆ సంగతి తెలీదు. ఆ తోట గురించి ఏడు నివేదికలు రాశాను. ఏడింటిలోనూ లబ్ధిదారులు సంతృప్తిగా ఉన్నారని రాశాను. ఆవిడ ఏ నేలలో కూర్చుని పాలకూర కోస్తోందో ఒక్కసారి అడగలేదు. ప్రేమలతకు తెలుసని ఆవిడ ముఖం చూస్తే అర్థమైంది.

ఎంతకాలం కావాలని కరిన్ అడిగింది. మూడేళ్ళు ఇవ్వండి, కాగితం వీళ్ళ పేరు మీదికి తెస్తాను, ఆ తరవాత ఇక్కడ మన ఆఫీసు అక్కర్లేదు అంది ప్రేమలత. ఆవిడ తన ఉద్యోగాన్నే తీసేసుకుంటోందని గ్రహించి నేను నాలుక కరుచుకున్నాను.

వెళ్ళేటప్పుడు సక్కుబాయి నా చేతిలో కొత్తిమీర కట్ట ఒకటి పెట్టింది. "ముస్తాబు గావొద్దంటివి గద సారూ. నువ్వు గట్లన్నంకనే పోయి గుండ్లు అడుక్కొచ్చిన. లేకుంటే జుంకాలతోనే సరిపెడుదును," అంది. తప్పయిందన్నాను. "సరే తియ్యి. కోడి మంచిగుండెనా?" అంది.

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. మూడేళ్ళు ఇచ్చారు. ఉత్తరంతోపాటు కొత్త సర్వే ఫారం కూడా వచ్చింది. స్లాబు గడి అలాగే ఉంది. ప్రేమలత పెన్ను విసిరికొట్టింది.

ఆ మూడేళ్ళూ ఆవిడ చేసిన పని ఏమిటంటే, తను చేసే ప్రతిదాన్నీ ఒక్కొక్కటిగా మానేయడం. మోటారు కాలితే మెకానిక్ కోసం తను వెళ్ళేది కాదు, తోటలో పనిచేసే సత్తెమ్మను పంపేది. మార్కెట్టులో బేరం రుక్కమ్మ చేసేది. రామచంద్రయ్య ఇంటికి సక్కుబాయి ఒక్కతే సిటీబస్సులో వెళ్ళేది. ఆయన మొదటి రెండుసార్లు వరండాలోనే నిలబెట్టి మాట్లాడాడు. మూడోసారికి ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన మాత్రం కాగితం సంగతి ఎత్తితే గోడకేసి చూసేవాడు.

ఆయన మనసు మార్చింది ప్రేమలతా కాదు, నా నివేదికలూ కాదు. 2013 చివర్లో చుట్టుపక్కల వెంచర్లలో రాళ్ళు మాయమవుతున్నాయని కబురు విని, గుండె చేత్తో పట్టుకుని ఆయన మంఖాల్ పరిగెత్తుకొచ్చాడు. పక్క వెంచరులో హద్దులు చెరిగిపోయి గోడలు లేస్తున్నాయి. మా ఆరెకరాల్లో ప్రతి రాయీ పాతిన చోటే ఉంది. ఏటా దసరాకు ఇళ్ళకు సున్నం వేసుకున్నప్పుడు ఆడవాళ్ళు మిగిలిన సున్నంతో రాళ్ళకు కూడా పూతపెట్టి, అంకెలు మళ్ళీ రాస్తున్నారట. ఈ సంగతి మాకూ తెలీదు. వాళ్ళెవరూ చెప్పుకోలేదు. ఆయన తన ప్లాటు రాయి పక్కన తోటకూరలో చాలాసేపు నిలబడ్డాడని బద్రుద్దీన్ చెప్పాడు.

2014 ఫిబ్రవరిలో ఆయనే స్టాంపు కాగితం మీద టైపు చేయించుకుని మా మెట్లెక్కాడు. కింద గిర్ని ఆడుతోంది. సక్కుబాయి, మరో ఐదుగురు వచ్చారు. ఆరోజు ఎవరూ నగలు పెట్టుకోలేదు. ఆ సంతకాలతో జూన్‌లో మా ఆఫీసు మూతపడుతుందని గదిలో అందరికీ తెలుసు. నాకు సిటీలో మరో చోట పని దొరికింది. ప్రేమలతకు ఇంకా ఏదీ కుదరలేదు. అడిగితే, "సక్కక్క ఒక మడి ఇస్తదేమో చూస్త," అని నవ్వేసింది. ఆ తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి ఏడ్చింది. ఈసారి దాచుకోలేదు. నాకూ ఆగలేదు.

కాగితం తెలుగులో ఉంది. చదవమని నాకిచ్చారు. ఈ కింద తెలిపిన ప్లాట్లు, నంబరు ఒకటి నుంచి అరవై వరకు, మంఖాల్ మహిళా కూరగాయల సంఘానికి కౌలుకు ఇవ్వడమైనది, సంఘం తరఫున అధ్యక్షురాలు సక్కుబాయి, భర్త కీర్తిశేషులు కుర్మయ్య అని చదివాను.

"ఇంకోపాలి చదువు సారూ," అంది సక్కుబాయి.

మొదటి నుంచీ మళ్ళీ చదివాను.

"గంత వద్దు. నలభై ఒకటి నుంచి అరవై అని చదివి, నా పేరు, ఆయన పేరు చదువు."

కాగితంలో అలా లేదు. అయినా అలాగే చదివాను.